విదేశీయులు నేర్చుకుంటే ఆఫ్రికా మాతృభాషలు నిలుస్తాయా?

కృష్ణాతీరం:

ఇంగ్లిషు మాధ్యమం మీద, యాసల మీద ఈ చర్చావేదికలో వాదనలు చాలా నడిచాయి కనుక కాస్త దూరపు విషయం ఒకటి ముందుంచుతున్నాను. ఆఫ్రికా భాషలను ఇప్పుడు బయటివాళ్లు ఆసక్తిగా నేర్చుకుంటున్నారు. భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగోలో 2017లో తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి పాఠాలు మొదలయ్యాయి, తరువాత దక్షిణాఫ్రికా భాష జూలూ కూడా వచ్చింది. అమెరికా, చైనా విశ్వవిద్యాలయాల్లో స్వాహిలి చెబుతున్నారు. 2021లో యునెస్కో జూలై 7వ తేదీని ప్రపంచ స్వాహిలి దినంగా ప్రకటించింది. ఇదంతా ఆ భాషలకు మేలే చేస్తుందని నా నమ్మకం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకు సామెత ఉండనే ఉంది. పొరుగువాడు వచ్చి ఆ చెట్టు ఆకు అడిగినప్పుడే ఇంటివాడికి దాని సంగతి గుర్తుకు వస్తుంది. 1817లో మద్రాసులో దిగేనాటికి తెలుగు ముక్క రాని సి.పి. బ్రౌన్ కాదా, వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించింది? ఆఫ్రికా భాషలకూ అలాంటి బ్రౌనులు దొరుకుతున్నారంటే సంతోషించవలసింది పోయి, దీన్ని కూడా ఒక కొత్త రకం దోపిడీగా చూసేవాళ్ల అనుమానం నాకు అర్థం కావడం లేదు.

మోషీ మజిలీ:

కృష్ణాతీరం గారూ, నేను టాంజానియాలో, కిలిమంజారో పాదాల దగ్గరున్న మోషీ పట్టణంలో ఏడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మీరు వాడిన "మాతృభాష" అన్న మాట దగ్గరే నాకు పేచీ వచ్చింది. బయటివాళ్లు నేర్చుకునేది స్వాహిలి. ఆ స్వాహిలి ఈ దేశంలో చాలామందికి తల్లి నేర్పిన భాష కాదు. బడి నేర్పినది, బజారు నేర్పినది. ఇక్కడ 120కి పైగా భాషలున్నాయి. ప్రాథమిక బడి స్వాహిలిలో, ఉన్నత పాఠశాల ఇంగ్లిషులో నడుస్తాయి. మిగిలిన భాషలకు తరగతి గదిలో చోటు లేదు.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ ఈ కొండప్రాంతపు చగ్గా జాతి కుటుంబానికి చెందినావిడ. ఆవిడ తల్లితో చగ్గాలో మాట్లాడుతుంది, పిల్లలతో స్వాహిలిలో మాట్లాడుతుంది. సాయంత్రం పూట ముసలావిడ అరటికాయలు ఒలుచుకుంటూ మనవణ్ణి చగ్గాలో కేకేస్తే, వాడు గోడ అవతలినుంచి స్వాహిలిలో పలుకుతాడు. ఆ పిలుపు వాడికి తెలియక కాదు, ఆ భాషలో బదులు పలకవలసిన అవసరం వాడికి ఎన్నడూ రాలేదు. ఇక నాబోటి విదేశీయుడు వచ్చి స్వాహిలి కష్టపడి నేర్చుకుని మాట్లాడుతుంటే, ఆ ఇంట్లో స్వాహిలికి మరో ఓటు పడినట్లే కదా! స్వాహిలిని నేను తప్పు పట్టడం లేదు. జనాకీ అనే చిన్న భాష మాట్లాడే ఇంట్లో పుట్టిన ఈ దేశపు తొలి అధ్యక్షుడు న్యెరెరే తానే కూర్చుని షేక్‌స్పియర్ నాటకాలను స్వాహిలిలోకి అనువదించాడు. ఇన్ని జాతులున్న దేశం ఒక్కటిగా నిలవడంలో ఆ భాష చేసిన పని నేను రోజూ చూస్తున్నాను. అయితే ఆ ఐక్యతకు వెల చెల్లించింది చిన్న భాషలే.

విదేశీయులు ఎంతవరకు నేర్చుకుంటున్నారన్నది మరో సంగతి. పర్వతం ఎక్కడానికి వచ్చినవాళ్లకు మొదట నేర్పే మాట "జాంబో". ఇక్కడివాళ్లు తమలో తాము ఆ మాటతో పలకరించుకోగా నేను వినలేదు. అది పర్యాటకుల కోసం విడిగా పెట్టిన మాట. పెద్దవాళ్లు ఎదురైతే "షికమూ" అనాలి, మీ పాదాలు పట్టుకుంటున్నానని దాని భావమని చెబుతారు. వాళ్లు "మరహాబా" అని అందుకుంటారు. మన పాదాభివందనానికి దగ్గరగా ఉన్న ఈ మర్యాద నాకు అబ్బడానికి ఏడాది పట్టింది. గడియారం సంగతి అయితే మరీ విచిత్రం. వచ్చిన కొత్తలో ఒక కార్యాలయంవారు "సా మ్బిలి"కి రమ్మన్నారు. మ్బిలి అంటే రెండు కదా అని నేను శుభ్రంగా భోజనం చేసి రెండు గంటలకు వెళ్లాను, వాళ్లేమో ఉదయం ఎనిమిదినుంచి నాకోసం చూశారు. స్వాహిలిలో గంటల లెక్క పొద్దుపొడుపు నుంచి మొదలవుతుంది, మన పాత గడియల లెక్కలాగే. ఇది ఆ ఊళ్లో బతికితే తప్ప ఒంటబట్టదు.

నుడికడలి:

భాషాశాస్త్రం చదువుతున్న విద్యార్థినిని. బ్రౌన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, దక్షిణాఫ్రికాలో దాదాపు అలాంటి కథే ఎలా ముగిసిందో చెబుతాను.

1870వ దశకంలో కేప్ టౌన్ దగ్గర విల్హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ పండితుడు, ఆయన వదిన (భార్యకు అక్క) లూసీ లాయిడ్ కలిసి షామ్ అనే భాషను నేర్చుకున్నారు. "షామ్" అని నేను రాసినది దగ్గరి పోలిక మాత్రమే, ఎందుకంటే ఆ పేరు నాలుక చప్పుడుతో మొదలవుతుంది. మనం జాలిపడినప్పుడు "ప్చ్" అంటాం, ఎద్దులను అదిలించేటప్పుడు నాలుకను దవడ పక్కకు తెచ్చి మరో చప్పుడు చేస్తాం. మనకు అవి మాటలు కావు, ఆ భాషల్లో అవి క, చ, ట, త, ప లాంటి హల్లులు. వాళ్లకు పాఠం చెప్పినవారు పండితులు కారు, బ్రేక్‌వాటర్ జైలునుంచి తీసుకొచ్చిన ఖైదీలు. వారిలో కాబో అనే పెద్దాయన పశువుల దొంగతనం కేసులో శిక్ష పడినవాడు. శిక్షాకాలం ముగిసినా ఉండిపోయి, తన జనం కథలు పుస్తకాల్లోకి ఎక్కాలని ఓపికగా చెప్పాడు. అలా పోగైన రాతపుటలు 12,000 దాటాయి. యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఇంతగా నేర్చుకున్న విదేశీయులు ఉండగా ఆ భాష బతికిందా? లేదు. కాబో వాళ్ల నేల వలసరైతుల చేతుల్లోకి పోయింది, వేట పోయింది, పిల్లలు పొలాల్లో కూలీలై ఆ రైతుల భాష ఆఫ్రికాన్స్ మాట్లాడారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. 2000లో దక్షిణాఫ్రికా కొత్త రాజచిహ్నాన్ని తయారు చేసుకున్నప్పుడు దాని మీద వాక్యాన్ని షామ్ భాషలోనే రాయించుకుంది. భిన్నమైన జనం ఒక్కటి కావాలని దాని అర్థం. దేశం నాణేల మీద, ముద్రల మీద ఉన్న ఆ వాక్యాన్ని ఇంటి భాషగా పలికేవాడు ఒక్కడు కూడా లేడు. ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

కృష్ణాతీరం:

నుడికడలి గారి కథ నన్ను కూడా కదిలించింది. అయితే ఆ 12,000 పుటలు లేకపోతే ఆ వాక్యం కూడా ఉండేది కాదు కదా. నేల పోవడం బ్లీక్ చేసిన తప్పు కాదు. రోగి చనిపోయాడని, పక్కన కూర్చుని ఆయన మాటలు రాసుకున్నవాణ్ణి తప్పుపట్టడం న్యాయం అనిపించుకోదు.

నుడికడలి:

తప్పుపట్టడం నా ఉద్దేశం కాదండి. నేర్చుకోవడం వేరు, నిలబెట్టడం వేరు అని మాత్రమే నా మనవి. అదే దేశంలో అపింగ్టన్ పట్టణానికి చెందిన కత్రీనా ఎసావ్ అనే వృద్ధురాలిని చూడండి. ఆవిడది షామ్‌కు చుట్టమైన నూ భాష. దానికి మాట్లాడేవాళ్లే మిగల్లేదని ఒకప్పుడు పండితులు రాసేశారు; 1990వ దశకంలో కొందరు ముసలివాళ్లు బయటపడ్డారు. కత్రీనా తన ఇంటి దగ్గరే ఇరుగుపొరుగు పిల్లలను కూర్చోబెట్టి ఆ చప్పుళ్లు పలికించడం మొదలుపెట్టింది. ఆవిడకు చదవడం, రాయడం రాదు. బయటినుంచి వచ్చిన భాషావేత్తలు ఆవిడతో కలిసి కూర్చుని ఆ భాషకు రాత ఏర్పరచారు, బడిపిల్లల వాచకం తయారు చేశారు. 2014లో దేశాధ్యక్షుడి చేతిమీదుగా ఆవిడ పురస్కారం అందుకుంది. 2021లో తమ్ముడు సైమన్ పోయాక ఆ భాష ధారాళంగా వచ్చినవారిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఇక్కడ బయటివాడు పనికొచ్చాడు, ఎందుకంటే వాడు పుస్తకం రాసుకుని వెళ్లిపోలేదు, ఆవిడ నడుపుతున్న బడికి కావలసినది చేసిపెట్టాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు కూడా సవరలకు బయటివాడే కదా! ఆయన సవర నేర్చుకున్నాక వాళ్ల పిల్లలకు బడులు పెట్టించాడు.

ఇబాదాన్ పాత కాపు:

మందుల వ్యాపారం మీద పన్నెండేళ్లు నైజీరియాలో ఉండి వచ్చినవాణ్ణి. ఈ చర్చలో విదేశీయుడికి అవసరానికి మించిన పాత్ర ఇస్తున్నారని నాకు తోస్తున్నది.

యొరుబా భాషకు 1843లో పదకోశం అచ్చు వేయించిన శామ్యూల్ అజాయి క్రౌథర్ యొరుబావాడే. చిన్నతనంలో బానిసవేటగాళ్ల చేతికి చిక్కి, బ్రిటిష్ నౌకాదళం విడిపించగా సియెరా లియోన్‌లో చదువుకున్నవాడు, తరువాత బిషప్పు అయినవాడు. తన భాష తనకు తెలుసు కాబట్టి ఆ రాత జనానికి పట్టింది. పక్కనే ఇబో భాషకు ఏం జరిగిందో చూడండి. డెన్నిస్ అనే ఆంగ్ల మతబోధకుడి ఆధ్వర్యంలో నాలుగైదు మాండలికాలను కలిపి, ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని ఒక "ఉమ్మడి ఇబో" తయారు చేసి, 1913లో అందులో బైబిలు వెలువరించారు. ఇబో నవలాకారుడు చినువా అచెబె బతికున్నంత కాలం ఆ కృతకభాష మీద మండిపడుతూనే ఉన్నాడు. బయటివాడికి భాష బాగా వచ్చినా, పెత్తనం వాడి చేతిలో ఉంటే జరిగేది ఇదే.

అయినా అసలు దెబ్బ వీళ్లెవరూ కొట్టలేదు. 1970లో ఇఫే దగ్గర ఆచార్య బాబ్స్ ఫఫున్వా బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. కొందరు పిల్లలకు ప్రాథమిక విద్య ఆరేళ్లూ యొరుబాలోనే చెప్పి, ఇంగ్లిషును విడి పాఠంగా మంచి ఉపాధ్యాయులతో చెప్పించారు. మామూలు పద్ధతిలో మధ్యలో ఇంగ్లిషు మాధ్యమానికి మారిన పిల్లలకంటే వీళ్లు బాగా చదివారు, ఇంగ్లిషులో కూడా. ఇంత రుజువు చేతిలో ఉన్న దేశం 2022 నవంబరుకుగాని ప్రాథమిక విద్య మాతృభాషలో జరగాలని తీర్మానించుకోలేదు. మూడేళ్లు తిరగకుండా 2025 నవంబరులో ఆ తీర్మానాన్ని రద్దు చేసి మళ్లీ ఇంగ్లిషుకే ఓటు వేసింది. 2019లో మన దగ్గర జరిగిన ఇంగ్లిషు మాధ్యమం వాదనలు విన్నవాళ్లకు అక్కడ వినిపించిన కారణాలు కొత్తగా అనిపించవు. లండన్‌లోనో షికాగోలోనో ఎవరో యొరుబా నేర్చుకుంటున్నారని లేగోస్‌లో తండ్రి తన పిల్లవాడి బడి మార్చడు.

ఒక్క విషయం మాత్రం విదేశీ విద్యార్థుల పక్షాన చెప్పాలి. యొరుబాలో స్వరం ఎత్తు మారితే అర్థం మారుతుంది. "ఒకో" అనే ఒకే మాట పలికే తీరునుబట్టి మొగుడు అవుతుంది, పార అవుతుంది, బండి అవుతుంది, ఈటె అవుతుంది. అక్కడి నా మిత్రులు ఫోన్లో రాసేటప్పుడు స్వరచిహ్నాలు పెట్టేవారు కారు, సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది కదా అనేవారు. మొగుడికీ పారకూ తేడా చూపించమని పట్టుబట్టింది కొత్తగా నేర్చుకునేవాళ్లే.

నాటాల్ బాటసారి:

డర్బన్‌లో రెండేళ్లు ఆదివారపు తెలుగు బడి నడిపినవాణ్ణి. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల వరసలో తెలుగు పేరు ఉంది. అక్షరదోషంతో "టెలెగు" అని పడింది, అది వేరే సంగతి. 1860 నవంబరులో మద్రాసునుంచి వచ్చి చేరిన తొలి ఓడ మొదలు చెరకు తోటల పనికి మనవాళ్లూ వెళ్లారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అయినా నా బడికి వచ్చిన పిల్లలు ఇంగ్లిషు లిపిలో రాసిన తెలుగు భజనలు కళ్లు మూసుకుని పాడేవారు, పాట ఆగగానే మంచినీళ్లు ఇంగ్లిషులో అడిగేవారు. రాజ్యాంగంలో పేరుకూ వంటింట్లో మాటకూ ఉన్న దూరం నాకు అక్కడ తెలిసింది.

ఇక జూలూ నేర్చుకోవడమంటారా, అది అక్కడ కొత్త కాదు. గనుల్లో, తోటల్లో దొరలు, మేస్త్రీలు జూలూ మాటలు తీసుకుని వ్యాకరణం ఊడబెరికి ఫనగలో అనే ఒక పొట్టి భాష తయారు చేసుకున్నారు. అందులో ప్రధానంగా ఉండేవి ఆజ్ఞలే: ఇది తే, అది ఎత్తు, త్వరగా రా. జూలూవాళ్లకు ఆ భాష పేరెత్తితే ఒళ్లు మండుతుంది. కాబట్టి "విదేశీయులు నేర్చుకుంటున్నారా" అని ఊరుకోకండి, ఎవరితో ఏం మాట్లాడడానికి నేర్చుకుంటున్నారో కూడా అడగండి.

కృష్ణాతీరం:

నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. బయటి గిరాకీ పెద్ద భాషలకే చేరుతుందన్నది నాకు తట్టలేదు. కానీ ఒక సందేహం మిగిలే ఉంది. మోషీ మజిలీ గారూ, మీరే ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నారు కదా, స్వాహిలి బదులు చగ్గా నేర్చుకుని ఉంటే ఆ పిల్లవాడి మీద ఏమీ ప్రభావం ఉండేది కాదంటారా?

మోషీ మజిలీ:

మీ ప్రశ్న చదివాక నాకు కొంత సిగ్గేసిన మాట నిజం. ఆదివారం నాడు ముసలావిడ దగ్గర కూర్చుని చగ్గాలో అంకెలు చెప్పమని అడిగాను. ఆవిడకు మొదట నవ్వు వచ్చింది, దానితో నీకేం పని అంది స్వాహిలిలో. తరువాత ఒక్కొక్కటే చెబుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మూడో అంకె దగ్గర నా పలుకు తప్పిందని సరిదిద్దింది ఆవిడ కాదు, పక్కన ఫోన్ చూసుకుంటున్న మనవడు. అయితే నువ్వే చెప్పరా పది దాకా, అన్నాను. వాడు ఉత్సాహంగా మొదలుపెట్టి, అయిదు దాకా వచ్చి, అమ్మమ్మ ముఖంలోకి చూశాడు.