సోఫాకి రెక్సినా, గుడ్డా? పడమటి ఎండ పడే హాలు

పటమట_పైఅంతస్తు: 3+1+1 సోఫా. ఫోమ్ బాగానే ఉంది, పై కవరు మార్పించాలి. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా పడుద్ది. ఇద్దరు చిన్నపిల్లలు. ఏది వేయించమంటారు?

కత్తెర_మాస్టారు: గుడ్డే. కొట్లో రెక్సిన్ అని ఇచ్చేవి రెండు రకాలు. పీయూ, అంటే పాలీయురేథేన్ పూత వేసింది, మెత్తగా తోలులా ఉంటుంది గానీ మన ఉక్కకి, చెమటకి, తలనూనెకి పై పొర పొలుసులుగా లేచిపోద్ది. ముందు పోయేది తల ఆనించే చోటే, అతికించే దారి లేదు. పీవీసీ ప్లాస్టిక్ పూతది ఇంకాస్త ఆగుద్ది, కానీ ఎండకి బిరుసెక్కి కుట్ల దగ్గర చిట్లుద్ది.

బ్రాడీపేట_4వ_లైను: పిల్లలున్న ఇంట్లో గుడ్డా! పప్పుచారు ఒలికితే? రెక్సిన్ అయితే ఒక్క తుడుపు.

కత్తెర_మాస్టారు: లేతరంగు రెక్సిన్ మీద పసుపు పావుగంట ఉంచి తుడవండి చూద్దాం.

బ్రాడీపేట_4వ_లైను: ముదురు రంగు తీసుకోమనండి.

కృష్ణలంక_కుర్రాడు: పడమటి ఎండలో ముదురు రెక్సిన్. మే నెలలో నిక్కరేసుకుని కూర్చోండి, తెలుస్తుంది.

అంకెల_బాబాయ్: ఏ గుడ్డైనా మార్టిండేల్ అంకె అడగండి, ఎన్ని రుద్దుళ్లకి ఆగుద్దో చెప్పేది. రోజూ వాడే సోఫాకి 20,000, పిల్లలుంటే 30,000.

కత్తెర_మాస్టారు: అది అరుగుదల అంకె. షెనీల్ (నూగు దారం గుడ్డ) లాంటి వదులు నేత అరిగేలోపే కుట్టు దగ్గర జారి నోరు తెరుస్తుంది. రెండు బొటనవేళ్లతో పక్కలకి లాగండి, దారాల మధ్య సందు కనపడితే వద్దు. కుట్టుకి అరంగుళం వదలమనండి. నూలు దారం వద్దు, నైలాన్ గానీ పాలిస్టర్ గానీ.

అంకెల_బాబాయ్: 30,000 ఉంటే నేత ఎందుకు జారుద్ది?

కత్తెర_మాస్టారు: అది వేరే పరీక్షండీ బాబూ.

అంకెల_బాబాయ్: అయినా అంకె లేని గుడ్డ నేను కొనను.

బ్రాడీపేట_4వ_లైను: ఉతకొచ్చని కుట్టించిన కవరు ఒక్క ఉతుక్కే ముడుచుకుపోయి జిప్పు పడలేదు. కుట్టినాయన ఫోనెత్తడు. అందుకే రెక్సిన్ అంటున్నా.

కత్తెర_మాస్టారు: నూలు కలిసిన గుడ్డని కోయకముందే నీళ్లలో ముంచి ఆరేయాలి. తప్పు గుడ్డది కాదు. అంచు దారం ఒకటి కాల్చండి: కరిగి ముద్దకడితే పాలిస్టర్, కాగితం కాలిన వాసనేసి బూడిదైతే నూలు.

బ్రాడీపేట_4వ_లైను: ఆ సంగతి కుట్టేవాళ్లు చెప్పొద్దా? అసలు విప్పడానికి లేకుండా పిన్నులు కొట్టేస్తారు, అదీ నా గొడవ. గుడ్డ వేయమనే మీరు జిప్పు వేయమని ఒక్కసారన్నా అన్నారా?

కత్తెర_మాస్టారు: జిప్పు కవరు ముడతలు పడుద్ది, కూలీ కూడా ఎక్కువ. బిగించి కొడితేనే అందం.

బ్రాడీపేట_4వ_లైను: అందం మీకు, చాకిరీ మాకు!

పటమట_పైఅంతస్తు: కుషన్లకి జిప్పు, ఫ్రేముకి బిగింపు కుదరదా?

కత్తెర_మాస్టారు: కుదురుద్ది. జిప్పు వెనకవైపు, పక్కలకి రెండేసి అంగుళాలు తిరగాలి. లేకపోతే ఫోమ్ ఎక్కించేటప్పుడు మూలలు చిరుగుతాయి. పన్నా 54 అంగుళాలుంటుంది. వెల్వెట్ అయితే ముక్కలన్నీ ఒకే దిశలో కోయాలి, లేదంటే ఒక కుషన్ నలుపుగా, ఒకటి తెలుపుగా కనపడుద్ది. కాబట్టి గుడ్డ ఎక్కువ పట్టుద్ది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూశాకే కొనండి.

బ్రాడీపేట_4వ_లైను: మరి సోఫా చేతులు? మురికంతా అక్కడే.

కత్తెర_మాస్టారు: అదే తానులోంచి మీటరు ఎక్కువ తీసుకుని విడి తొడుగులు కుట్టించండి. కూలీ మాట్లాడేటప్పుడే కలిపి అడగండి, తర్వాతైతే వేరే లెక్క చెబుతారు.