ఆన్‌లైన్ వెయిట్‌లాస్ ప్లాన్‌లో కౌన్సెలింగ్‌కి వేరే డబ్బు కట్టాలా?

దేవునికడప_అక్క: మా చెల్లెలు ఆన్‌లైన్‌లో బరువు తగ్గే ప్రోగ్రామ్‌లో చేరుతోంది. యాప్, డైట్ చార్టుకి ఒక రేటు. కౌన్సెలర్ ఫోన్‌లో మాట్లాడాలంటే నెలకి ఇంకో రెండు వేలు. కట్టొచ్చా?

లెక్కల_సారు_అనంతపురం: దండగ. తిండి తగ్గించాలి, నడవాలి. ఇది చెప్పడానికి ఒక మనిషా?

బుధవారపేట_డైటీషియన్: చెప్పడానికి కాదు సార్, వినడానికి. 1983లో విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు తాగుడు మానలేనివాళ్ల కోసం రాసిన ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’ అనే పద్ధతి ఇది. ‘ఉగ్గాని, బజ్జి మానేయ్’ అనరు. ‘రోజూ నడవగలనన్న నమ్మకం పదికి ఎంత?’ అంటారు. నాలుగంటే, ‘రెండు కాకుండా నాలుగెందుకు?’ అని అడుగుతారు. అప్పుడు తను ఏం చేయగలదో తన నోటితోనే వస్తుంది.
షుగర్ వచ్చే ముప్పు ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2003లో వచ్చింది. అందరికీ ఒకటే ఇంటర్నెట్ ప్రోగ్రామ్, సగం మందికి అదనంగా ఈమెయిల్‌లో కౌన్సెలింగ్. అచ్చంగా ఈ పద్ధతి కాదు గానీ, ఏడాదికి వాళ్లు 4.4 కిలోలు తగ్గారు, మిగతావాళ్లు 2.

లెక్కల_సారు_అనంతపురం: తేడా 2.4 కిలోలు. ఏడాదికి 24 వేలు. అంటే కిలోకి పది వేలు!

చెనిక్కాయ: పొద్దున రాగి సంగటి తింటే చాలు, ఇవన్నీ ఎందుకు.

బుధవారపేట_డైటీషియన్: సంగటిలోనూ బియ్యం ఉంటుంది, ముద్ద సైజు చూసుకోవాలి. సార్, కిలోల లెక్క ఒక్కటే చూడకండి. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెడితే షుగర్ వచ్చేవాళ్లు 58 శాతం తగ్గారు.

ప్రొద్దుటూరు_పద్మం: నాకు దొరికిన ‘మోటివేషన్’ మేడం నా బరువు వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘పట్టుదల లేదు’ అని రాసింది. ఆ రాత్రి ఏడుస్తూ డబ్బాలో ఉన్న ఓళిగలన్నీ తిన్నాను.

బుధవారపేట_డైటీషియన్: అది కౌన్సెలింగ్ కాదమ్మా.

ప్రొద్దుటూరు_పద్మం: ఆ పేరు చెప్పే నా దగ్గర డబ్బులు తీసుకున్నారు. చేరకముందు మాకెట్లా తెలియాలి?

లెక్కల_సారు_అనంతపురం: అసలు సంగతి నేను చెప్తాను. మా అమ్మాయి ఇలాంటి ఫోన్‌లోనే అత్తగారింటి విషయాలన్నీ చెప్పేసింది. అందరికీ వడ్డించాక మిగిలిందే తింటానని, సాయంత్రం నడకకి పంపరని. పెద్ద గొడవైంది. బరువు తగ్గించేవాళ్లకి కాపురం సంగతులెందుకు?

దేవునికడప_అక్క: ఆ మాట మీతో ఎప్పుడైనా చెప్పిందా సార్?

లెక్కల_సారు_అనంతపురం: లేదు. నా బాధంతా అదే. కన్న తండ్రికి చెప్పనిది ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పడమేంటి?

బుధవారపేట_డైటీషియన్: మిగిలింది తినే పిల్లకి చార్టు ఇస్తే ఏం పాటిస్తుంది సార్? అది బయటపడ్డాకే కదా తన తిండి గురించి మాట్లాడగలం! ఇంతకీ ఆ మాట ఇంట్లోవాళ్లకి ఎలా చేరింది? కౌన్సెలర్ చెప్పి ఉంటే పెద్ద తప్పు.

లెక్కల_సారు_అనంతపురం: అత్తగారు ఫోన్ స్పీకర్‌లో పెట్టించింది. అయినా ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి. నా మాట మారదు.

దేవునికడప_అక్క: మా చెల్లెలిదీ ఉమ్మడి కుటుంబమే. మీరు చెప్పింది విన్నాక కట్టాలనే అనిపిస్తోంది సార్. ముందు ఒక్క నెలకి నేనే కడతాను. ఆ టైముకి మా ఇంటికి వచ్చి మాట్లాడమంటాను.

ప్రొద్దుటూరు_పద్మం: గ్రూపులో బరువు పెట్టమని రాసిచ్చాకే కట్టు అక్కా.

దేవునికడప_అక్క: ‘పెట్టబోము’ అనే కదా? సరే, రేపే అడుగుతాను.