అప్‌డేట్: పిడి చివర ముడి ఇక తిరగట్లేదు

పోయినసారి అడిగింది నేనే, కొరడా పిడి చివర వేసిన టర్క్స్ హెడ్ ముడి (పోగుల్ని పిడి చుట్టూ అల్లి ఉంగరంలా వేసేది) చేత్తో తిప్పితే గిర్రున తిరిగిపోతోంది ఏం చేయాలని. మీరన్నట్టే తప్పు ముడిలో లేదు, దాని కింద ఉంది. ముడి కింద నేను ఉత్త దారం చుట్టి ఉండలా చేశా, నొక్కితే మెత్తగా దిగిపోయేది. మొత్తం విప్పేసి ఈసారి తోలు పట్టీ అంచులు పల్చగా చెక్కి, జిగురు రాస్తూ బిగించి చుట్టి, చివర్లో రెండు చిన్న మేకులు పిడి చెక్కలోకి కొట్టి, పలక కింద పెట్టి దొర్లించా. కానీ అత్యాశకి పోయి మరీ లావు చేసేసరికి పైన అల్లిన పోగుల మధ్య సందులు, లోపలి తోలు కనిపిస్తోంది 😅 తోలు పట్టీ రెండు చుట్లు ఊడబీకా. తర్వాత పోగులు కాస్త తడిపి, మొద్దు సూదితో ఒక్కోటీ ఎత్తుతూ వదులంతా లాగుతూ మూడుసార్లు చుట్టూ తిరిగొచ్చా, వేళ్లు వాచాయి అది వేరే సంగతి. ఆరాక ఎంత తిప్పినా కదల్లా. పిడి పైభాగంలో, అల్లిక మొదలయ్యే చోట వేసిన ముడి మాత్రం ఇంకా వంకరే, అక్కడ పిడి సన్నబడుతుంది కదా, ముడి కింది పట్టీని కూడా ఒకవైపు ఇంకాస్త పల్చగా చెక్కి చూస్తా.