ఇంటి కంప్యూటర్ని సైన్సుకి ఇస్తే కరెంటు ఎంత? ఇవ్వాలా, ఆ డబ్బే పంపాలా?

వంశధార (గుణుపూర్, రాయగడ జిల్లా):
ఇంటి కంప్యూటర్లతో శాస్త్రవేత్తల లెక్కలు చేయించే ప్రోగ్రాములున్నాయి. అలాంటి బోయింక్‌లో గాని, ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో గాని చేరేవాళ్లు చాలామంది "ఖాళీగా ఉన్న కంప్యూటరే కదా, ఖర్చేముంది" అనుకుంటారు. అది తప్పు. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ దాదాపు నిద్రలో ఉంటుంది. పని ఇచ్చారంటే ఫుల్ లోడ్ మీద తిరుగుతుంది. ముందు కొలుద్దాం, తర్వాత వాదిద్దాం.

ప్లగ్ మీటర్ కొననక్కర్లేదు. ఇంటి మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు పక్కన 3200 అని రాసి ఉంటే 3200 మిణుకులకు ఒక యూనిట్ అని అర్థం. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇన్వర్టర్ అన్నీ కట్టేసి, కంప్యూటర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి, పది మిణుకులకు ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. మీటరు మీద 1600 అని ఉంటే 22,500ని భాగించాలి. మొదటి మిణుకుని సున్నాగా లెక్కపెట్టండి. ఒకటి అని మొదలుపెడితే లెక్క పదో వంతు తప్పుతుంది.

ఉదాహరణకు పని లేనప్పుడు 225 సెకన్లు, అంటే 50 వాట్లు. పని నడుస్తుంటే 90 సెకన్లు, అంటే 125 వాట్లు. తేడా 75. నెలంతా రాత్రీ పగలూ నడిస్తే 54 యూనిట్లు. కాకపోతే ఇది కంప్యూటర్ ఎలాగూ ఆన్‌లో ఉండే ఇంటి లెక్క. మామూలుగా రాత్రి ఆపేసే కంప్యూటర్ని దీనికోసమే వదిలేస్తే మొత్తం 125 వాట్లూ దీని ఖాతాలోకే వస్తాయి, నెలకు 90 యూనిట్లు.

ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లు అని ఉంది కదా అని అది వేసుకోకండి. బోర్డు, ర్యామ్, డిస్కు వేరే. పైగా కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) చౌకదైతే గోడలోంచి తీసుకున్న కరెంటులో పావు వంతుకు పైగా వేడి కింద పోగొడుతుంది.

ప్రాణహిత (సిరోంచ, గడ్చిరోలి జిల్లా):
మంచి లెక్క అన్నా. కానీ 54 యూనిట్లు అందరికీ ఒక్క ధర కాదు. ఒడిశాలో స్లాబులు 50, 200, 400 దగ్గర మారుతయి. 200 లోపల ఉన్న ఇంటికి యూనిట్ 5 రూపాయలు వేసుకున్నా 270. మా మహారాష్ట్రలో 100 యూనిట్లు దాటినంక వీలింగ్ చార్జీ (కరెంటును లైన్ల మీద ఇంటిదాకా తెచ్చినందుకు తీసుకునేది), 16 శాతం విద్యుత్ సుంకం కలిపితే యూనిట్ 11 రూపాయలు దాటుతది. అవే 54 యూనిట్లకు 600కు పైనే కట్టాలె. గోదావరి అవతల కాళేశ్వరం వాళ్ల బిల్లు చూసి ఇక్కడ లెక్క వేసుకోవద్దు.

ఇగ బొగ్గు సంగతి. దేశం గ్రిడ్ సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతది. నెలకు 38 కిలోలు. అందుకే నేననేది, మా దిక్కున్నోళ్లు ఆ 600 నేరుగా ప్రాజెక్టుకు పంపుడే మేలు. కొత్త సర్వర్ అదే పనిని తక్కువ కరెంటుతో చేస్తది.

మహేంద్రగిరి (పర్లాకిమిడి, గజపతి జిల్లా):
పాత పెట్టె విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. పదిహేనేళ్ల నాటి రెండు కోర్ల (కోరు అంటే ప్రాసెసర్ లోపల విడిగా లెక్కలు చేసే భాగం) ప్రాసెసర్‌తో నడపడం కరెంటు దండగ. కానీ ఇప్పటి ఆరు కోర్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లని కూడా ఆపమనడం సరికాదండీ. 2010లో బోయింక్ మీద నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు కొత్త పల్సార్ని (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రాన్ని) పట్టింది ఇళ్లలో ఉన్న కంప్యూటర్లతోనే.

కరెంటు తగ్గించే దారి ఉంది. విండోస్ పవర్ ఆప్షన్లలో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 99 శాతం చేస్తే చాలా కంప్యూటర్లలో టర్బో, అంటే మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది. ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులలో) కరెంటు తగ్గించే ఎకో మోడ్ ఉంటుంది. వేగం ఐదో వంతు తగ్గి, వోల్టేజి పదో వంతు తగ్గిందనుకుందాం. కరెంటు వేగంతోనూ, వోల్టేజి వర్గంతోనూ మారుతుంది కాబట్టి 0.8 × 0.81, అంటే 65 శాతమే ఖర్చు. బోయింక్‌లో సీపీయూ సమయం 50 శాతం అనే సెట్టింగ్ మాత్రం వాడొద్దు. అది పనిని ఆపుతూ వదులుతూ ఉంటుంది. వేడి ఎక్కుతూ దిగుతూ, ఫ్యాను గోల పెడుతూ ఉంటుంది. తగ్గించాలంటే కోర్ల శాతం తగ్గించండి.

వంశధార:
ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది పొరబడేది ఇక్కడే. పూర్తి వేగంతో గంట పట్టే పని, ఐదో వంతు తగ్గిస్తే గంటంబావు పడుతుంది. కంప్యూటర్ ఎలాగూ ఆన్‌లో ఉంటే 75 వాట్-అవర్ల చోట 61 సరిపోతాయి. లాభమే. దీనికోసమే ఆన్ చేశారనుకోండి, ఖాళీగా ఉన్నా అయ్యే ఆ 50 వాట్ల ఖర్చు కూడా గంటంబావు నడుస్తుంది. 125 చోట 123. మిగిలిందేమీ లేదు! కోర్లు సగం చేస్తే ఇంకా నష్టం, ఎందుకంటే అదే 50 వాట్లు సగం పనికే పంచుతున్నారు.

కాబట్టి ఎలాగూ ఆన్‌లో ఉండే పెట్టెని నెమ్మదిగా నడపండి. దీనికోసమే ఆన్ చేసేదాన్ని అన్ని కోర్లతో నడిపి, త్వరగా ఆపేయండి. రోజుకు 6 గంటలు చొప్పున 125 వాట్లయినా నెలకు 22.5 యూనిట్లే. అలా నడిపేవాళ్లు బోయింక్ సెట్టింగుల్లో పని నిల్వ (ముందే దించుకుని ఉంచుకునే పని) 0.1 రోజుకే పెట్టుకోవాలి. గడువు దాటితే ఆ పని ఇంకొకరికి పోతుంది, మీ కరెంటు వృథా. వాతావరణ మార్పును లెక్కగట్టే క్లైమేట్ ప్రెడిక్షన్ ప్రాజెక్టు లాంటి రోజుల తరబడి సాగే పనులు ఈ పద్ధతికి సరిపడవు.

ఇంకొకటి, ఇన్వర్టర్. కరెంటు పోయిందని లాప్‌టాప్‌కి తెలుస్తుంది, బోయింక్ ఆగుతుంది. డెస్క్‌టాప్‌కి తెలియదు, డేటా కేబుల్ ఉన్న యూపీఎస్ ఉంటే తప్ప. 150 ఏహెచ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి చేతికొచ్చేది 900 వాట్-అవర్లు. 125 వాట్లు లాగితే, ఇన్వర్టర్ నష్టం కలుపుకుని, ఆరు గంటల్లో ఖాళీ. తీసిన ప్రతి యూనిట్‌కీ ఒకటిన్నర దాకా తిరిగి నింపాలి. కంప్యూటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైనులోంచి తీసేయండి. కరెంటు పోతే చివరిసారి సేవ్ అయిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది, పోయేది సాధారణంగా కొద్ది నిమిషాల పనే.

ప్రాణహిత:
ఆ మెలిక నిజమే, నేను చూసుకోలే. కానీ ఎండకాలం సంగతి చెప్పాలె. చంద్రపూర్, బల్లార్షా దిక్కు 45 డిగ్రీలు దాటినప్పుడు ప్రాసెసర్ వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటది. తిన్న కరెంటంతా గదిలో వేడే అయితది. ఏసీ ఉంటే మూడు యూనిట్ల వేడిని బయటికి పంపటానికి ఇంకో యూనిట్ దాకా ఖర్చు. మార్చి నుంచి జూన్ దాకా బంద్ పెట్టుడే మంచిది.

పాత ఫోన్ పెట్టుకోమని కొందరంటరు. 5 వాట్లే, నెలకు 3.6 యూనిట్లు. కానీ బ్యాటరీ 40 డిగ్రీలు దాటితే బోయింక్ పని ఆపేస్తది, అంటే మా ఎండకాలం పగటిపూట నడవనే నడవదు. ఆ హద్దు పెంచొద్దు, బ్యాటరీ ఉబ్బుతది.

ఇంటి మీద సోలార్ ఉన్నోళ్లు పగలు నడిపితే ఉచితమేనా?

మహేంద్రగిరి:
నెట్ మీటరింగ్ ఉంటే ఉచితం కాదండీ. మీరు వాడకపోతే ఆ యూనిట్ గ్రిడ్‌లోకి వెళ్లి మీ బిల్లులో జమ అవుతుంది. వాడితే ఆ జమ పోతుంది. గ్రిడ్ లేకుండా బ్యాటరీ మీద నడిచే సోలార్ అయితే, బ్యాటరీ నిండాక మిగిలే మధ్యాహ్నపు కరెంటు మాత్రం నిజంగా ఉచితమే.

డబ్బు పంపే విషయంలో మీ మాటకి సగం వస్తాను. 100 దాటిన మహారాష్ట్ర ఇల్లు, పాత పెట్టె, దీనికోసమే ఆన్ చెయ్యడం, ఈ మూడూ కలిస్తే డబ్బే పంపండి. పర్లాకిమిడిలో 200 లోపల బిల్లు వచ్చే ఇంట్లో, పని కోసం ఎలాగూ ఆన్‌లో ఉండే కొత్త కంప్యూటర్ అయితే, టర్బో ఆపి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడపండి. ఆఫీసు, కాలేజీ ల్యాబు కంప్యూటర్లలో అడక్కుండా పెట్టొద్దు, ఆ బిల్లు మీది కాదు.