సర్వర్ ఆపకుండా మాడ్యూల్ మార్చడం: అవసరమా, అతి తెలివా?

నైట్‌షిఫ్ట్_జావా:
మా బిల్లింగ్ సర్వర్‌లో పన్ను లెక్కకట్టే మాడ్యూల్ తరచూ మారుతుంది. సర్వర్ నడుస్తుండగానే దాన్నొక్కదాన్నే తీసి కొత్తది పెట్టేలా ఓఎస్‌జీఐ (జావా ప్రోగ్రామ్‌ని విడి మాడ్యూళ్లుగా నడిపే ఏర్పాటు) వాడదామని నేనంటాను. రీస్టార్ట్ కొడితే పోయేదానికి ఇంత హంగామా ఎందుకంటాడు మా లీడ్. మీరేమంటారు?

పాతకాపు:
నేను మీ లీడ్ వైపే. మూడేళ్లు ఓఎస్‌జీఐతో కాపురం చేశాను. ఓ రాత్రి లాగ్‌లో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్: 'ఇన్వాయిస్'ని 'ఇన్వాయిస్'గా తీసుకోవడం కుదరదట! పేరు అదే, ప్యాకేజీ అదే. నిద్రమత్తేమో అనుకుని మొహం కడుక్కొచ్చి మళ్లీ చూశాను. జావాకి పేరొకటే చాలదు, క్లాస్‌ని మెమరీలోకి లోడ్ చేసిన క్లాస్‌లోడర్ కూడా ఒకటే కావాలి. కొత్త బండిల్ (ఓఎస్‌జీఐలో మాడ్యూల్‌ని అలా అంటారు) వచ్చినా, పాత బండిల్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ని ఎవరో కాష్‌లో దాచి ఉంచారు. తెల్లారేదాకా అదే పని.

ప్లగ్_ప్రియుడు:
అది కాష్‌లో దాచినవాళ్ల తప్పండీ. సర్వీస్ (బండిల్ మిగతావాళ్లకి ఇచ్చే ఆబ్జెక్ట్) వస్తుంది, పోతుంది అనుకునే కోడ్ రాయాలి. ఆ రాకపోకలు కనిపెట్టే సర్వీస్ ట్రాకర్ ఉన్నదే అందుకు. మనం కోడ్ రాసుకునే ఎక్లిప్స్ 2004లో వచ్చిన 3.0 నుంచీ ఓఎస్‌జీఐ మీదే నడుస్తోంది కదా!

పాతకాపు:
ఎక్లిప్స్ మాట మీరే ఎత్తారు. ప్లగిన్ వేశాక చివర్లో అదేమడుగుతుంది? రీస్టార్ట్ చేయమంటారా అని :)

టెలికాం_తాత:
ఎరిక్సన్‌వాళ్లు ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషని టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారుచేశారు. కాల్ మధ్యలో ఎక్స్ఛేంజీ ఆపలేం కాబట్టి కోడ్ మార్చే ఏర్పాటు భాషలోనే పెట్టారు. ఒక మాడ్యూల్‌కి పాతది, కొత్తది రెండూ ఒకేసారి ఉండొచ్చు. మూడోది లోడ్ చేస్తే, ఇంకా మొట్టమొదటిదాన్నే పట్టుకు వేలాడే ప్రాసెస్‌లకు చావే. మొరటు పద్ధతే, కానీ లెక్క స్పష్టం. జావా అలా తెంచదు, పాత రిఫరెన్స్ ఉన్నంతకాలం పాత క్లాసులూ మెమరీలో ఉంటాయి. ఇంతకీ బాబూ, మీ సర్వర్ ఆగితే తెగిపోయే కాల్ ఏముంది?

నైట్‌షిఫ్ట్_జావా:
రాత్రి రెండింటికి ఎవరూ ఉండరండీ. నలభై సెకన్లలో లేస్తుంది.

ప్లగ్_ప్రియుడు:
అయితే జావాలోనే ఉన్న సర్వీస్‌లోడర్ చాలు, జావా 6 నుంచీ ఉంది. ఇంటర్‌ఫేస్ మీ దగ్గర, ఏ జార్ (జావా కోడ్ ఫైలు) అన్నది సర్వర్ లేచేటప్పుడు తేలుతుంది. ఓఎస్‌జీఐ నాకిష్టమే, కానీ ఈ పనికి వద్దు.

టెలికాం_తాత:
ఇంకోటి. మారేది లెక్క పద్ధతా, రేట్లా? 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు కోడ్ ముట్టుకున్నారా?

నైట్‌షిఫ్ట్_జావా:
ముట్టుకున్నాం... రేట్లు కోడ్‌లోనే రాసి ఉన్నాయి. మా లీడ్ రాసినవే.

పాతకాపు:
ఆ రేట్లు ముందు డేటాబేస్‌లోకి ఎక్కించండి. తర్వాత కొట్టుకోండి.