‘అన్‌స్ప్రంగ్ మాస్’: స్ప్రింగు లేని బరువా, స్ప్రింగు కింది బరువా?

ప్రశ్న: ఎలక్ట్రిక్ కార్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ‘ఇన్‌వీల్ మోటర్’ని ‘చక్రాంతర్గత చోదకం’ అని రాసి, నాకే నవ్వొచ్చి కొట్టేశాను. ‘అన్‌స్ప్రంగ్ మాస్’కి ‘స్ప్రింగు లేని బరువు’ అని పెట్టాను. సరిపోతుందా?

జవాబు: మొదటిదానికి ‘చక్రంలో మోటరు’ చాలండి. ‘చక్రం మోటరు’ అని మాత్రం కుదించకండి, ఏ కారులోనైనా మోటరు తిప్పేది చక్రాన్నే కదా. ఆ ‘లో’ వల్లే గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక), తిరిగే షాఫ్టులు చాలావరకు అక్కర్లేకుండా పోతాయి, ఆ చోటంతా మిగులుతుంది. ఏ చక్రానికి ఎంత టార్క్ (తిప్పే బలం) ఇవ్వాలో విడివిడిగా, రెప్పపాటులో మార్చొచ్చు. ఊహ పాతదే. 1900 పారిస్ ప్రదర్శనలో పెట్టిన లోనర్-పోర్షే కారుకి మోటర్లు ముందు చక్రాల్లోనే ఉండేవి. 1971లో చంద్రుడి మీద తిరిగిన రోవర్‌కి నాలుగు చక్రాలకీ నాలుగు, ఒక్కోటీ పావు హార్స్‌పవర్.

రెండోది తప్పు. ‘స్ప్రింగు లేని’ అంటే బండికి స్ప్రింగే లేదనుకుంటారు. స్ప్రింగు ఉంది, కానీ ఈ బరువును అది మోయదు. టైరు, రిమ్ము, బ్రేకు, అన్నీ దాని కిందే ఉన్నాయి. అందుకే ‘స్ప్రింగు కింది బరువు’.

ప్రశ్న అడిగినవారు: బాగుందండి. కానీ ఆ బరువు పెరగడమే పెద్ద లోపమని వ్యాసంలో ఉంది. మొత్తం బరువు అంతే అయినా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. చక్రం గుంత అంచుకు తగిలి పైకి ఎగిరిందనుకోండి. దాన్ని మళ్ళీ రోడ్డుకు ఆనించాల్సింది స్ప్రింగే. చక్రంలో మోటరు కూడా ఉంటే దిగడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ టైరుకి రోడ్డు మీద పట్టుండదు, లోపల కూర్చున్నవాళ్ళకి కుదుపు. స్ప్రింగులు, వాటి ఊగుడును ఆపే డ్యాంపర్లు మార్చి చాలావరకు సర్దుకోవచ్చు కాబట్టి, నా మటుకు దీన్ని మరీ భూతంలా చూపిస్తారనిపిస్తుంది. నాకు భయం వేరే చోట. ఆ దెబ్బలు, నీళ్ళు, దుమ్ము, పక్కనున్న బ్రేకు వేడి అన్నీ ఇప్పుడు మోటరుకే తగులుతాయి. మోటర్లతో పాటు, బ్యాటరీ కరెంటుని మోటరుకి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్లూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. ఒకవైపు మోటరు హఠాత్తుగా ఆగితే కారు పక్కకి లాగకుండా కంట్రోలర్ వెంటనే సర్దాలి.

ఇంకొకరు: ‘ఇరుసు’ సంగతీ చూసుకోండి. మామూలు కార్లో చక్రాన్ని తిప్పే షాఫ్టుని కూడా ఇరుసనే రాస్తున్నారు. ఎడ్లబండి ఇరుసు తిరగదు, చక్రమే దాని మీద తిరుగుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల హబ్ మోటరూ, అంటే చక్రం నడుమ ఉండే మోటరూ అంతే. ఒకటి విప్పి చూశాను, ఇరుసు బోలుగా ఉంది, మోటరు తీగలు అందులోంచే బయటికొస్తున్నాయి. ఇరుసు గానీ తిరిగితే రెండు చుట్లకే మెలిపడి తెగుతాయి. అక్కడ తిరిగేది పైడొప్ప.

ప్రశ్న అడిగినవారు: అయితే నేను ‘ఇరుసు తిరిగి’ అని రాసిన మూడు చోట్లా దిద్దాలి. మామూలు కార్లో తిరిగేదాన్ని ఏమనను?

జవాబు: షాఫ్టు అనే అనండి. మెకానిక్కులు అనేది అదే.