నియర్ ఆటోమాటా అనిమే 8వ ఎపిసోడ్ దగ్గర వదిలేశాను, ఇప్పుడు గేమ్ ముందా, సిరీస్ ముందా?

సగంలో ఆపేసినోడు

అందరికీ నమస్తే. 2023 జనవరిలో నియర్ ఆటోమాటా అనిమే (అదే పేరున్న వీడియో గేమ్ మీద తీసిన జపాన్ యానిమేషన్ సిరీస్) వారం వారం చూడటం మొదలుపెట్టాను. మూడు ఎపిసోడ్లు అయ్యాక ఆపేశారు. ఫిబ్రవరిలో మళ్లీ వేశారు కదా అని కూర్చుంటే, మార్చిలో ఎనిమిదో ఎపిసోడ్ తర్వాత మళ్లీ ఆపేశారు. విసుగొచ్చి వదిలేశాను. పైగా అప్పుడు నాకు సెమిస్టర్ పరీక్షలు. ఇప్పుడు ఉద్యోగంలో చేరాను, ఓ మాదిరి లాప్‌టాప్ ఉంది, మొన్న సేల్‌లో గేమ్ కూడా కొన్నాను.

మిగతా ఎపిసోడ్లు అసలు వచ్చాయా? అప్పుడు ఎందుకు ఆపారు, డబ్బుల్లేకా? షెడ్యూల్ పేజీల్లో "శనివారం 24:00", "25:30" అని టైమ్ రాస్తారు, అదేం లెక్క? అన్నిటికంటే ముఖ్యం, ముందు గేమ్ ఆడాలా, అనిమే పూర్తి చేయాలా? గేమ్ మొదలుపెట్టాను గానీ ఫ్యాక్టరీ దగ్గర నాలుగుసార్లు చచ్చాను. చచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి! నా గేమ్ పాడైందా?

పాత కంట్రోలర్

పాడవలేదు తమ్ముడూ, ఆ గేమ్ అంతే. మొదటి భాగం మొత్తంలో సేవ్ చేసుకునే చోటే ఉండదు. విమానంలో కాల్చుకుంటూ వచ్చి, ఫ్యాక్టరీలో దిగి, ఆ పెద్ద యంత్రాన్ని పడగొట్టేదాకా ఒకే బిగువున ఆడాలి. కొత్తవాళ్లకి ముప్పావు గంట పడుతుంది. మధ్యలో పోతే మళ్లీ విమానమే. నేను 2017లో మూడుసార్లు పోయి, కంట్రోలర్ మంచం మీదకి విసిరేశాను. (నేల మీదకి కాదు, డబ్బులు నావి.)

సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈజీ పెట్టుకో, సిగ్గేం లేదు. ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఈజీలో ఆటో చిప్‌లు పనిచేస్తాయి, దెబ్బ తప్పించుకోవడం అవే చూసుకుంటాయి. పక్కన ఎగిరే పాడ్ తుపాకీకి గుండ్లు అయిపోవడం ఉండదు, కాబట్టి ఆ బటన్ నొక్కిపట్టే ఉంచు. కత్తి పట్టుకుని పెద్ద యంత్రం కాళ్ల దగ్గరికి పరుగెత్తడమే అందరూ చేసే తప్పు. దూరంగా తిరుగుతూ కాల్చు, అది చెయ్యి విసిరి ఆగినప్పుడు దగ్గరికెళ్లి రెండు వేసి వచ్చేయి.

ఆ తర్వాత కూడా ఆటో సేవ్ ఉండదు. కూల్‌డ్రింక్ మెషీన్‌లా కనిపించే యాక్సెస్ పాయింట్ ఎక్కడ దొరికినా సేవ్ చేసుకుంటూ ఉండు. చనిపోతే నీ పాత శరీరం పడిపోయిన చోటే ఉంటుంది. వెళ్లి తెచ్చుకోకుండా ఇంకోసారి చస్తే, దానికి పెట్టుకున్న చిప్‌లు పోతాయి.

బొమ్మలబ్బాయి

ఎపిసోడ్ల సంగతి నేను చెబుతాను. 9 నుంచి 12 వరకు నాలుగూ 2023 జూలై 23న ఒకేసారి వేశారు. రెండో భాగం 2024 జూలైలో మొదలై సెప్టెంబరులో ముగిసింది. మొత్తం 24. అంటే ఇప్పుడు ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

డబ్బుల గొడవ కాదు. రెండుసార్లూ వాళ్లు చెప్పిన కారణం కరోనా. ఆ సీజన్‌లో ఇదొక్కటే కాదు, "కుబో" సిరీస్‌నీ, "మిస్‌ఫిట్ ఆఫ్ డీమన్ కింగ్ అకాడమీ" రెండో సీజన్‌నీ కూడా ఆరో ఎపిసోడ్ తర్వాత ఆపి, నెలల తర్వాత మళ్లీ ఒకటి నుంచి వేశారు.

నేను హైదరాబాద్‌లో కొంతకాలం టూడీ క్లీనప్ (గీసిన బొమ్మల గీతలు శుభ్రం చేసే) పని చేశాను, జపాన్ వాళ్లకి కాదులెండి. అందుకే ఇలాంటి వార్త వినగానే నాకు కోపం రాదు, నడుం నొప్పి గుర్తొస్తుంది. ఒక ఎపిసోడ్‌కి మూడు నాలుగు వేల బొమ్మలు పడతాయి. ముందు స్టోరీబోర్డు, తర్వాత ముఖ్యమైన భంగిమల బొమ్మలు. వాటిని యానిమేషన్ డైరెక్టర్ ఒక్కొక్కటీ దిద్దుతాడు. తర్వాత మధ్య బొమ్మలు, రంగులు, అన్నీ కలిపి కెమెరా పని, ఆఖరున శబ్దం. మధ్య బొమ్మల్లో చాలావరకు కొరియా, చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్ స్టూడియోలకి వెళతాయి. ఒక గదిలో నలుగురికి జ్వరం వస్తే నాలుగు బొమ్మలే ఆగవు, వాటి వెనకున్న బల్లలన్నీ ఖాళీగా కూర్చుంటాయి. మన ఊళ్లో నాట్లు వేసే కూలీలు రాకపోతే నారు సిద్ధంగా ఉండీ మడి ఎండినట్టు.

చాలా సిరీస్‌లు అన్నీ పూర్తి చేసుకుని టీవీకి ఎక్కవు. ఒక ఎపిసోడ్ టీవీలో వస్తుండగా తర్వాతివి నాలుగైదు ఇంకా బల్లల మీదే ఉంటాయి. చేతిలో ఉన్న నిల్వ అయిపోయిందా, ఆగిపోవడమే.

సగంలో ఆపేసినోడు

థాంక్స్ అన్నా. మరి రెండు వారాలు ఆలస్యమైతే రెండు వారాలు ముందుకి జరుపుకోవచ్చుగా? జూలై దాకా ఎందుకు లాగారు?

బొమ్మలబ్బాయి

టీవీ టైమ్ వాళ్లది కాదు కాబట్టి. జపాన్‌లో అర్ధరాత్రి అనిమేల్లో ఎక్కువ భాగం టీవీ వాళ్లు తీయించేవి కావు. మ్యూజిక్ కంపెనీ, పబ్లిషర్, గేమ్ కంపెనీ ఇలా కొందరు కలిసి నిర్మాణ కమిటీ పెట్టుకుని, ఆ అరగంటని మూడు నెలలకి కొనుక్కుంటారు. మార్చి అయ్యాక ఏప్రిల్‌లో ఆ అరగంట ఇంకొకరిది. కల్యాణమండపం లాంటిది, మన పెళ్లి ఆలస్యమైందని తర్వాతి పెళ్లివాళ్లు ఆగరు. మిగిలిపోయిన నాలుగు ఎపిసోడ్లు ఒకే రోజు ప్రత్యేకంగా రావడానికి ఇదొక కారణం.

అన్ని ఆలస్యాలూ బొమ్మల వల్లే కాదు. 2022 మార్చిలో తోయీ యానిమేషన్ నెట్‌వర్క్‌లోకి ఎవరో చొరబడితే వన్ పీస్ దగ్గర్నుంచి డ్రాగన్ క్వెస్ట్ దాయ్ సిరీస్ దాకా ఆగిపోయాయి. వన్ పీస్ మళ్లీ ఏప్రిల్ 17న గానీ రాలేదు.

నిద్రలేనమ్మ

25:30 లెక్క నేను చెబుతాను, నా నిద్ర పోయిందే దానివల్ల.

జపాన్ టీవీవాళ్లకి అర్ధరాత్రి దాటినా రోజు మారదు. శనివారం 25:30 అంటే ఆదివారం తెల్లవారుజామున 1:30. మనకంటే జపాన్ మూడున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి రాసిన అంకెలోంచి నేరుగా 3:30 తీసేయండి, వారం పేరు మార్చకండి. శనివారం 24:00 అంటే మనకి శనివారం రాత్రి 8:30. శనివారం 25:30 అంటే శనివారం రాత్రి 10:00. నేను ఏడాదిపాటు ఆదివారం అనుకుని ఒకరోజు లేటుగా చూశాను, ఈలోగా మా తమ్ముడు కథంతా చెప్పేసేవాడు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, టీవీలో వచ్చే టైమూ స్ట్రీమింగ్‌లో వచ్చే టైమూ ఒకటే కావాలని లేదు. యాప్‌లో చూపించే టైమే నమ్మండి.

ప్రకటనల్లో నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే అనువాదం కోసం ఆగక్కర్లేదు. "ఎన్‌కి" అంటే వాయిదా. "క్యూషి" అంటే ఆ వారం ప్రసారం లేదని, క్రీడల ప్రసారమో ప్రత్యేక కార్యక్రమమో అడ్డొచ్చి ఉంటుంది, సాధారణంగా వచ్చే వారం వచ్చేస్తుంది, టెన్షన్ అక్కర్లేదు. "సోషూహెన్" అంటే పాత ముక్కలు అతికించిన ఎపిసోడ్. అది అనుకోకుండా మధ్యలో పడిందంటే లోపల పని వెనకబడిందేమో అని నేను అనుమానిస్తాను. "మితేయ్" అంటే తేదీ ఖరారు కాలేదని. ఇది కనబడితే వేరే సిరీస్ మొదలుపెట్టుకోండి.

డల్లాస్ డ్యూటీ

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో తిప్పలు. జపాన్‌లో గడియారం ముందుకీ వెనక్కీ జరపరు, మేం జరుపుతాం. డల్లాస్‌లో మాకు చలికాలంలో జపాన్‌తో 15 గంటల తేడా, మార్చి నుంచి 14. అదే శనివారం 24:00 ఎపిసోడ్ చలికాలంలో పొద్దున 9కి, తర్వాత 10కి. మార్చిలో గడియారం మార్చిన వారం నేను ఏ సిరీసైనా రాకపోతే ఆగిపోయిందని గాభరా పడి ఇక్కడ పోస్ట్ పెట్టేస్తుంటాను. పాతవాళ్లకి తెలుసు.

సగంలో ఆపేసినోడు

హహ, నోట్ చేసుకున్నా. మరి గేమ్ ముందా, అనిమే ముందా?

పాత కంట్రోలర్

గేమ్. వాదన అక్కర్లేదు.

నిద్రలేనమ్మ

ఎందుకక్కర్లేదు అన్నయ్యా? అనిమే పేరులోనే "వెర్షన్ 1.1ఏ" అని ఉంది, అంటే గేమ్ కథనే కొంచెం మార్చి చెప్పారని. గేమ్ కథ రాసిన యోకో టారో దీని రచనలో కూడా ఉన్నాడు. గేమ్‌లో యంత్రాలతో పోరాడే రెసిస్టెన్స్ శిబిరానికి నాయకురాలు అనెమొనీ, అనిమేలో లిలీ. ఏటూ అనే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని రోబో) గతం గేమ్‌లో కాగితాల్లో చదువుకోవాలి, అనిమేలో కళ్లతో చూస్తాం. నేను అనిమే చూశాకే గేమ్ ఆడాను, నాకేం తగ్గలేదు.

పాత కంట్రోలర్

చెల్లీ, నువ్వు చెప్పింది నిజమే, ఏటూ విషయంలో అనిమేదే పైచేయి. కానీ కథానాయిక టూబీకి తోడుగా ఉండే నైన్ఎస్ విషయంలో ఒప్పుకోను. గేమ్‌లో మొదటిసారి టూబీగా ఆడతాం, చివర పేర్లు పడతాయి. కొత్తవాళ్లలో చాలామంది అయిపోయిందనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. తమ్ముడూ, నువ్వు ఆ పని మాత్రం చేయకు. అదే సేవ్ మీద కొనసాగించు. రెండోసారి అదే కథని నైన్ఎస్‌గా ఆడాలి. అతను యంత్రాలని హ్యాక్ చేస్తాడు కాబట్టి, మొదటిసారి నువ్వు ఇనపముక్కలని నరికిన చోటే ఇప్పుడు వాటి లోపలి మాటలు వినిపిస్తాయి. విసుగ్గా ఉందని చాలామంది అంటారు, నిజంగానే మధ్యలో కొంచెం సాగుతుంది. మూడోసారి మొదలయ్యేది కొత్త కథ. అసలు గేమ్ అక్కడుంది. అక్షరమాలలో 26 అక్షరాలకి 26 ముగింపులున్నాయి, చేప తింటే వచ్చే ముగింపుతో సహా. నీకు కావలసినవి ఏ నుంచి ఈ వరకు.

ఇలాంటి ఆటల్లో పాత్రలు మనసులోంచి ఎందుకు పోవో నాకు నైన్ఎస్ దగ్గరే అర్థమైంది. అనిమేలో అతను బాధపడితే మనం చూస్తాం. గేమ్‌లో అతను చేసే తప్పుడు పనికి బటన్ నొక్కేది మన వేలు. "వద్దురా" అనుకుంటూనే నొక్కుతాం. ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడ్‌కి ఆ నేరం అంటగట్టే వీలు లేదు.

నిద్రలేనమ్మ

సరే, అది ఒప్పుకుంటాను. కానీ ఎపిసోడ్ చివర తోలుబొమ్మలతో ఆ పిచ్చి ముగింపులు చూపిస్తారే, అవి గేమ్‌లో కంటే అనిమేలోనే బాగున్నాయి. తమ్ముడు వాటిని స్కిప్ చేయకుండా చూడాలి.

బొమ్మలబ్బాయి

నా సలహా మధ్యేమార్గం. అనిమే ఇప్పుడే మళ్లీ మొదలుపెట్టకు. టూబీ ఆట పూర్తి చేసి, నైన్ఎస్ ఆట కూడా అయ్యాక 1 నుంచి 12 వరకు చూడు. మూడో దశ పూర్తయ్యాకే 13 నుంచి. కథ బయటపడే క్రమం ఇలా అయితే దెబ్బతినదు. ఇంకోటి, లాప్‌టాప్‌లో దాదాపు 50 జీబీ ఖాళీ చూసుకో. పీసీలో ఫుల్ స్క్రీన్ పెడితే బొమ్మ మసకబారే సమస్య ఉండేది, 2021 జూలై అప్‌డేట్‌లో సరిచేశారు. పాత వీడియోల్లో చెప్పే మాడ్‌లు (అభిమానులు చేసిన మార్పు ఫైళ్లు) ఇప్పుడు ఆ పనికి అక్కర్లేదు.

సగంలో ఆపేసినోడు (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. ఈజీలో ఫ్యాక్టరీ దాటాను. టూబీ ఆట అయింది, పేర్లు పడ్డాయి, అన్‌ఇన్‌స్టాల్ చేయలేదు. రెండోది మొదలుపెడితే నైన్ఎస్ లేడు, ఒక బుల్లి యంత్రం బకెట్‌లో నూనె పట్టుకుని, పడి ఉన్న వాళ్ల అన్న దగ్గరికి వెళుతోంది. నాతోనే మోయిస్తున్నారు. హడావుడిగా పరుగెత్తించి కింద పడేశాను, నూనె మొత్తం ఒలికిపోయింది. మళ్లీ నింపుకుని ఈసారి మెల్లగా నడిపిస్తున్నా. ఇది ఫ్యాక్టరీ అని ఇప్పుడే గుర్తుపట్టాను. పాత కంట్రోలర్ అన్నా, ముందే చెప్పొచ్చు కదా.

పాత కంట్రోలర్

చెప్తే నువ్వు మెల్లగా నడిపేవాడివి కాదు.